కాంటాక్టుల్ని ప్రాంతాలవారీగా విడగొట్టాలంటే మండలం దగ్గర మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఖమ్మంలో మెయిన్ షాపు, సత్తుపల్లిలోనూ జంగారెడ్డిగూడెంలోనూ బ్రాంచీలు. బోరు మోటార్లు, డ్రిప్, సోలార్ పంపులు అమ్ముతారు, సర్వీసు కూడా మీరే చేస్తారు. సీఆర్ఎంలో, అంటే కస్టమర్ల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్‌లో, పద్దెనిమిది వేల కాంటాక్టులు ఉన్నాయి. ఏ ఊళ్లు ఏ కుర్రాడు చూడాలో పంచాలి, ఏ మెసేజ్ ఎవరికి వెళ్లాలో తేల్చాలి. 'సిటీ' కాలమ్ మీద ఫిల్టర్ పెడితే సగం మంది రావడం లేదు. 'జిల్లా' మీద పెడితే రాకూడనివాళ్లు వస్తున్నారు. అన్నీ వదిలేసి పిన్‌కోడ్‌తో చేసేస్తే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండీ. పిన్‌కోడ్ పనికొస్తుంది, ఎక్కడ పనికొస్తుందో కింద చెబుతాను. కానీ దాని ఒక్కదాని మీదే ఆధారపడితే మిగతా జిల్లాల వాళ్లకన్నా మీకే ఎక్కువ ఇబ్బంది, ఎందుకంటే మీ వ్యాపారం సరిగ్గా రెండు రాష్ట్రాల సరిహద్దు మీద ఉంది. నేను పద్నాలుగేళ్లుగా డీలర్లకు, డిస్ట్రిబ్యూటర్లకు ఈ సీఆర్ఎం డేటా సర్దే పనే చేస్తున్నాను. ఎక్కువమంది మీలాగా రైతులకు సరుకు అమ్మేవాళ్లే. కాస్త వివరంగానే రాస్తాను. ఈ పని ఒకసారి తప్పుగా చేస్తే మళ్లీ చేయడానికి షాపులో ఎవరికీ ఓపిక మిగలదు.

ముందు ఫిల్టర్ల జోలికి పోకుండా ఒకే ఒక్క కాంటాక్టు తెరిచి చూడండి. మీలాంటి ఒక షాపులో నేను చూసిన రికార్డు ఇలా ఉంది. సిటీ: ఖమ్మం. అడ్రస్: మందలపల్లి, వయా సత్తుపల్లి. జిల్లా: ఖమ్మం. రాష్ట్రం: ఖాళీ. ఆ రైతుకు ఫోన్ చేసి కనుక్కుంటే తేలిందేమిటంటే, పొలం మందలపల్లిలోనే ఉంది, అది దమ్మపేట మండలం. దమ్మపేట 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. మోటారు ఖమ్మం కౌంటర్‌లో కొన్నాడు కాబట్టి బిల్లు కొట్టిన అబ్బాయి సిటీలో ఖమ్మం అని వేశాడు. ఆ పెద్దమనిషి మాత్రం ఏడాదిలో ఎక్కువ రోజులు హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటాడు. పామాయిల్ తోట, కౌలుకిచ్చాడు. మోటారు చెడిపోతే ఫోన్ చేసేది కౌలు రైతు.

ఇప్పుడు చెప్పండి, ఈయన లొకేషన్ ఏది? సర్వీసు మెకానిక్ వెళ్లాల్సింది మందలపల్లి. బిల్లు మీద ఉండాల్సిన అడ్రస్ వేరే. దసరాకి శుభాకాంక్షల కార్డు పంపితే అందేది హైదరాబాద్‌లో. మీ కాలమ్‌లో ఉన్న ఖమ్మం మాత్రం ఈ మూడింటిలో దేనికీ పనికిరాదు. 'సిటీ' అనే ఒక్క గడిలో మూడు వేర్వేరు ప్రశ్నల జవాబులు కలిసిపోయాయి. మీ ఫిల్టర్లు పనిచేయకపోవడానికి అసలు కారణం అదే.

అందుకని మొదట తేల్చుకోవాల్సింది, మీకు ఏ నిర్ణయం కోసం లొకేషన్ కావాలన్నది. మీ వ్యాపారానికి రెండు చాలు. సరుకు బిగించిన చోటు, అంటే పొలం. బిల్లు అడ్రస్. మూడోది, మనిషి ఉండే చోటు, మీకు నిజంగా అవసరం లేదు. ఫోన్ నంబర్ ఉంది కదా. చీరలో పచ్చళ్లో కొరియర్‌లో పంపేవాళ్లకైతే ఆ మూడోదే ముఖ్యం. మీకు కాదు. పొలం అడ్రస్‌ను, బిల్లు అడ్రస్‌ను రెండు వేరు వేరు సెట్ల ఫీల్డులుగా పెట్టండి. ప్రాంతాల విభజన అంతా పొలం అడ్రస్ మీదే జరగాలి. ఒకే రైతుకు రెండు మండలాల్లో రెండు బోర్లుంటే? అప్పుడు పొలం అడ్రస్ కాంటాక్టు మీద కాకుండా, అమ్మిన మోటారు రికార్డు మీద ఉండాలి. మీలో పెద్ద రైతులు ఎంతమందో చూసుకుని నిర్ణయించుకోండి. నా సలహా అడిగితే, సర్వీసు చేస్తున్నారు కాబట్టి మోటారు రికార్డు మీదే పెట్టండి.

ఇక పిన్‌కోడ్ సంగతి. తపాలా శాఖ 1972 ఆగస్టు 15న దీన్ని తెచ్చింది, ఉత్తరాలు వేగంగా వేరు చేయడానికి. మొదటి అంకె 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. మొదటి మూడంకెలు కలిపితే ఏ సార్టింగ్ ప్రాంతమో తెలుస్తుంది. 505 కరీంనగర్ వైపు, 506 వరంగల్ వైపు, 507 మీ ఖమ్మం వైపు, 521 కృష్ణా, 534 పశ్చిమ గోదావరి. అందరూ ఇక్కడే మోసపోతారు. పిన్ చూడగానే జిల్లా తెలిసిపోయినట్టు ఉంటుంది. కానీ అవి ఉత్తరాలు నడిచే దారులు, జిల్లా సరిహద్దులు కావు.

మీ దగ్గరే చూడండి. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పోలవరం కారణంగా 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. వాటి పిన్‌కోడ్లు మాత్రం పాతవే, 507తో మొదలయ్యేవే. 507 అంటే తెలంగాణ అని ఫార్ములా రాసుకున్న ప్రతి ఎక్సెల్ షీటులోనూ ఈ ఊళ్లు తెలంగాణలో పడతాయి. ఇందులో పన్ను సంగతి కూడా ఉంది. తెలంగాణ జీఎస్టీ కోడ్ 36, ఆంధ్రప్రదేశ్‌ది 37. సత్తుపల్లి నుంచి మీరు కుక్కునూరుకు పంపు పంపితే అది రాష్ట్రం దాటిన సరుకు, రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే ఐజీఎస్టీ పడాలి. రాష్ట్రం లోపలి అమ్మకానికి వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసి పంపితే తర్వాత సరిచేసుకునే తలనొప్పి మీ అకౌంటెంటుకు. ఇలాంటిదే ఇంకోటి, గోదావరి జిల్లాల్లో తిరిగే డిస్ట్రిబ్యూటర్లకు ఎప్పుడూ గుర్తుచేస్తుంటాను. యానాం పిన్ 533464. చుట్టూ ఉన్న ఊళ్లన్నీ ఆంధ్రావి, పిన్ కూడా వాటి వరసలోనే ఉంటుంది. కానీ ఊరు పుదుచ్చేరిది, జీఎస్టీ కోడ్ 34.

పిన్‌ను పారేయమని కాదు. ఒక్క పనికి అది చాలా గట్టిగా ఉపయోగపడుతుంది: సరిచూసుకోవడానికి. మండలం చింతలపూడి అని ఉండి పిన్ 509తో మొదలైతే ఎక్కడో తప్పు పడిందని వెంటనే తెలుస్తుంది. కాపలా పనికి పెట్టుకోండి, యజమానిగా వద్దు.

జిల్లాతో విభజించడం గురించి కూడా చెప్పాలి, చాలామంది అదే చేస్తారు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి ముప్పై మూడయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న పదమూడు ఇరవై ఆరయ్యాయి, ఆ తర్వాత కూడా మార్పులు ఆగలేదు. ఒక్క చింతూరునే తీసుకోండి. 2014 దాకా ఖమ్మం జిల్లా, ఆపైన తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఊరు అంగుళం కదల్లేదు, ఎనిమిదేళ్లలో మూడు జిల్లాల పేర్లు, రెండు రాష్ట్రాలు మారాయి. మీ పద్దెనిమిది వేల కాంటాక్టులు పదేళ్లలో పోగైనవి కాబట్టి, ఒకే ఊరి పక్కన ఏ ఏడాది ఎక్కించారో దాన్నిబట్టి ఒక్కో జిల్లా పేరు ఉంటుంది. ఆధార్ చూసి రాసుకున్నా అంతే. కొత్తగూడెం వైపు చాలామంది కార్డుల మీద ఇప్పటికీ ఖమ్మం జిల్లా అనే ఉంటుంది.

ఇంకో రెండు దారులు కొందరు సూచిస్తారు, వాటి మీద సమయం పెట్టకండి. ఫోన్ నంబర్ మొదటి అంకెల్ని బట్టి ప్రాంతం పట్టుకోవడం ఒకటి. టెలికాం లెక్కల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి ఒకే సర్కిల్, పైగా 2015 జూలై నుంచి దేశంలో వేరే రాష్ట్రానికి వెళ్లినా పాత నంబరే ఉంచుకుని కంపెనీ మారొచ్చు. రెండోది, వెబ్‌సైట్‌కు వచ్చినవాళ్ల ఐపీ అడ్రస్‌ను బట్టి సీఆర్ఎం తనంతట తను నింపే సిటీ. మొబైల్ డేటా మీద చూసే రైతు వేంసూరులో ఉన్నా అక్కడ హైదరాబాద్ అనో చెన్నై అనో పడొచ్చు. ఆ ఫీల్డు మీద ఒక్క లిస్ట్ కూడా కట్టకండి.

మరి ఏది పట్టుకోవాలి? మండలం. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అప్పటి నుంచి మన పల్లెల్లో జనం నోట్లో ఉన్నది మండలమే. కౌంటర్ దగ్గర 'మీ పిన్‌కోడ్ ఎంతండీ' అని అడిగితే పదిమందిలో ఎనిమిది మంది ఆలోచిస్తారు. 'ఏ మండలం బాబాయ్' అని అడిగితే ఆలోచించకుండా చెబుతారు. పట్టాదారు పాసుపుస్తకం మీద ఉండేది అదే, వ్యవసాయ ఆఫీసు ఉండేది అక్కడే, సబ్సిడీ దరఖాస్తు పెట్టుకునేది ఆ పేరుతోనే. సైజు కూడా సరిగ్గా సరిపోతుంది. గ్రామం మరీ చిన్నది, జిల్లా మరీ పెద్దది. ఒక సేల్స్‌మన్ ఒక రోజులో తిరగగలిగేది సుమారు ఒక మండలం.

ఇప్పుడు అసలు పని. సీఆర్ఎంలో 'మండలాలు' అని ఒక వేరే మాడ్యూల్, అంటే విడిగా ఒక పట్టిక, చేయండి. మీరు వ్యాపారం చేసే మండలాలన్నీ అందులో ఒక్కొక్క రికార్డు. మీకు యాభై, అరవై దాటవు. ప్రతి కాంటాక్టులోనూ, లేదా మోటారు రికార్డులోనూ, ఆ మాడ్యూల్‌కు ఒక లుకప్ పెట్టండి, అంటే అందులోని ఒక మండలాన్ని ఎంచుకుని దానితో ముడిపెట్టే గడి. జిల్లా, రాష్ట్రం, బ్రాంచి, సేల్స్‌మన్ పేరు ఇవేవీ కాంటాక్టు మీద టైపు చేయకూడదు. అవన్నీ మండలం రికార్డు మీదే ఉండాలి. ఉదాహరణకు మూడు వరసలు ఇలా ఉంటాయి:

అశ్వారావుపేట. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. తెలంగాణ, 36. సర్వీసు: సత్తుపల్లి.
చింతలపూడి. ఏలూరు జిల్లా. ఆంధ్రప్రదేశ్, 37. సర్వీసు: సత్తుపల్లి. బిల్లు: జంగారెడ్డిగూడెం.
కుక్కునూరు. ఏలూరు జిల్లా. ఆంధ్రప్రదేశ్, 37. పిన్ 507తో మొదలవుతుంది, సరే. సర్వీసు: జంగారెడ్డిగూడెం.

దీనివల్ల లాభం ఏమిటంటే, రేపు ప్రభుత్వం ఒక మండలాన్ని ఇంకో జిల్లాలో కలిపితే మీరు ఒక్క వరస మారుస్తారు. సేల్స్ కుర్రాడు మానేస్తే అతని పేరు ఉన్న ఏడెనిమిది వరసలు మారుస్తారు. వేల కాంటాక్టులు ముట్టుకోరు. కొన్ని సీఆర్ఎంలలో లుకప్ అవతల ఉన్న ఫీల్డు మీద లిస్ట్ ఫిల్టర్ నేరుగా పెట్టనివ్వరు. అలాంటప్పుడు మండలం మారగానే రాష్ట్రం, బ్రాంచి కాంటాక్టు మీదికి కాపీ అయ్యేలా ఒక ఆటోమేషన్ రూల్ రాయించండి. కాపీ అయిన ఆ ఫీల్డుల్ని మాత్రం మనుషులు మార్చకుండా లాక్ చేయండి. లుకప్ అసలే లేని చిన్న ప్యాకేజీ అయితే రాష్ట్రం, జిల్లా, మండలం అని ఒకదాని మీద ఒకటి ఆధారపడే డ్రాప్‌డౌన్లు పెట్టుకోవచ్చు. అది రెండో మేలు.

మండలం రికార్డులో పేరుతోపాటు కేంద్ర పంచాయతీరాజ్ శాఖవారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్ కూడా ఒక గడిలో రాసి పెట్టండి. అందులో దేశంలోని ప్రతి జిల్లాకు, మండలానికి, గ్రామానికి ఒక నంబర్ ఉంటుంది, ఉచితంగా దింపుకోవచ్చు. ఎందుకంటే పేర్లు ఒకటికి రెండు చోట్ల ఉంటాయి. కల్లూరు మండలం మీ ఖమ్మం జిల్లాలో ఉంది, కర్నూలు పక్కనా ఉంది. నందిగామ ఎన్టీఆర్ జిల్లాలోనూ ఉంది, రంగారెడ్డి జిల్లాలోనూ ఉంది. రాజంపేట కడప వైపు అనుకుంటాం, కామారెడ్డి జిల్లాలోనూ ఒకటి ఉంది. ఇవాళ మీకు ఈ గొడవ లేకపోవచ్చు. కంపెనీవాళ్లు వాళ్ల లీడ్స్ షీటు, అంటే కొనే అవకాశం ఉన్నవాళ్ల జాబితా, పంపిన రోజు వస్తుంది.

పాత డేటాను ఈ మండలాలకు ఎలా తగిలించాలి అన్నదే అందరికీ టెన్షన్ పెట్టే భాగం. చూడటానికి కొండలా ఉంటుంది, చేస్తే వారం పని. మొత్తం కాంటాక్టుల్ని ఎక్స్‌పోర్ట్ చేయండి, రికార్డు ఐడీ కాలమ్ తప్పకుండా ఉండాలి. ఆ ఫైల్‌ను ముట్టుకోకుండా బ్యాకప్‌గా ఒక చోట పెట్టండి, ఇంకో కాపీ మీద పని చేయండి. ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు ఫోన్ నంబర్ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టండి. లేకపోతే తొంభై ఒకటితో మొదలయ్యే నంబర్లను ఎక్సెల్ కుదించి చూపిస్తుంది, అలాగే సేవ్ చేసి ఇంపోర్ట్ చేస్తే అసలు నంబర్లే పోతాయి. ఒక డీలర్ దగ్గర రెండు వేల నంబర్లు అలా పోయాయి, పాత బిల్లు పుస్తకాలు ముందేసుకుని నెలరోజులు వెతికారు. ఆ కుర్రాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

తర్వాత సిటీ కాలమ్‌కు ముందూ వెనకా ఉన్న ఖాళీలు తీసేసి, పివట్ టేబుల్ వేయండి. ఏ స్పెల్లింగ్ ఎన్నిసార్లు ఉందో ఎక్కువ నుంచి తక్కువకు వస్తుంది. సత్తుపల్లి ఒక్కటే ఇంగ్లీషులో ఒక టీతో, రెండు టీలతో, టీ పక్కన హెచ్‌తో, చివర ఐతో, వైతో, ఈతో కనబడుతుంది. జంగారెడ్డిగూడెం పూర్తిగా రాసేవాళ్లు తక్కువ, జేఆర్ గూడెం, జేఆర్‌జీ, మధ్యలో గ్యాప్‌తో, గ్యాప్ లేకుండా. అశ్వారావుపేటను ఏఆర్ పేట అంటారు. ఈ స్పెల్లింగులన్నీ ఒక షీటులో ఎడమవైపు, ప్రతిదాని ఎదురుగా సరైన మండలం కుడివైపు. దీన్ని చేతితోనే చేయాలి. మీ షాపులో పాతకాపు ఎవరైనా ఉంటే, ఊళ్లన్నీ తిరిగిన మనిషి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మందలపల్లి అంటే ఏ మండలమో, ఏ ఊరికి రెండు పేర్లున్నాయో ఆయన చెప్పినంత వేగంగా ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. పైన ఉన్న ఒక వంద స్పెల్లింగులు తేల్చేసరికి కాంటాక్టుల్లో చాలా భాగం అయిపోతాయి. అడుగున ఒక్కొక్కసారే కనబడేవి వందల్లో మిగులుతాయి, వాటి గురించి ఇప్పుడు కంగారు పడకండి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. సిటీ 'ఖమ్మం' అని ఉన్నవాటిని ఖమ్మం మండలాలకు తగిలించేయకండి. ముందు చెప్పిన రైతు గుర్తున్నాడుగా. మీ కౌంటర్ ఖమ్మంలో ఉంది కాబట్టి తెలియని ప్రతి అడ్రస్సూ అక్కడే పడి ఉంటుంది. వాటిని అడ్రస్ కాలమ్ చూసి తేల్చండి, తేలకపోతే మండలాల మాడ్యూల్‌లో 'తెలియదు' అనే ఒక రికార్డు పెట్టి దానికి తగిలించండి. తప్పు మండలం కన్నా తెలియదు అన్నదే వెయ్యి రెట్లు మేలు. తెలియనివాళ్లను అడిగి తెలుసుకోవచ్చు, తప్పుగా ఉన్నవాళ్లను ఎవరూ అడగరు.

తిరిగి ఇంపోర్ట్ చేసేటప్పుడు రికార్డు ఐడీతోనే కలపండి, పేరుతో కాదు. ఉన్నవాటిని మార్చడం మాత్రమే అన్న ఆప్షన్ ఎంచుకోండి. ముందు యాభై రికార్డులతో పరీక్ష చేసి, కళ్లతో చూసి, ఆపైన మొత్తం ఎక్కించండి. పాత సిటీ కాలమ్‌ను చెరిపేయకండి. దాని పేరు 'పాత అడ్రస్ రాత' అని మార్చి, కొత్తగా ఎవరూ రాయకుండా మూసేయండి. ఆరు నెలల తర్వాత ఏదో అనుమానం వచ్చినప్పుడు అసలు ఏం రాసి ఉందో చూసుకోవడానికి అదే దిక్కు.

కౌంటర్ దగ్గర ఇక మీదట టైపు చేయడం ఆపాలి. మండలం లిస్టులోంచి ఎంచుకోవడం తప్పనిసరి చేయండి, గ్రామం పేరు మాత్రం చేతితో రాసుకోనివ్వండి. అన్నీ తప్పనిసరి చేస్తే రద్దీ సమయంలో బిల్లు కొట్టే అబ్బాయి లిస్టులో పైన ఉన్నది నొక్కేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం, ఎదురుగా పది మంది నిలబడి ఉంటారు. 'తెలియదు' అన్నది కూడా ఆ లిస్టులో ఉండాలి. నెలకోసారి ఏ మండలంలో హఠాత్తుగా ఎక్కువ కాంటాక్టులు చేరాయో చూడండి. అక్షరక్రమంలో మొదటి మండలం అయితే కారణం మీకే అర్థమవుతుంది.

ఇక సేల్స్ కుర్రాళ్లకు పంచడం. జిల్లాల ప్రకారం పంచకండి, రోడ్ల ప్రకారం పంచండి. సత్తుపల్లి ఖమ్మం జిల్లా, అశ్వారావుపేట కొత్తగూడెం జిల్లా, జంగారెడ్డిగూడెం ఏలూరు జిల్లా. కానీ మోటార్ సైకిల్ మీద వెళ్లేవాడికి ఇవి ఒకే దారి మీది ఊళ్లు. మ్యాప్ మీద గుండ్రంగా గీత గీసి ఇన్ని కిలోమీటర్ల లోపల అని తీసే సౌకర్యం కొన్ని సీఆర్ఎంలలో ఉంటుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. గోదావరి పక్కన అది పనికిరాదు. అశ్వాపురం ఒక ఒడ్డున, దుమ్ముగూడెం అవతలి ఒడ్డున. మ్యాప్‌లో పక్కపక్కనే కనబడతాయి, మెకానిక్ మాత్రం భద్రాచలం వంతెన మీదుగా తిరిగి వెళ్లాలి. అందుకే మండలం రికార్డులో 'రూట్' అని ఒక ఫీల్డు పెట్టి, దాన్ని రోజూ తిరిగే కుర్రాళ్ల చేతే నింపించండి. వాళ్లు నింపిన రూట్‌ను వాళ్లు గౌరవిస్తారు. ఆఫీసులో కూర్చుని మనం గీసినదాన్ని రెండో వారానికే పక్కన పెడతారు.

మెసేజ్‌ల లిస్టుల విషయంలో ఒక అనుభవం చెబుతాను, ఎందుకంటే నేను రాష్ట్రం ఫీల్డు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం అదే. 2017లో ఒక డీలర్‌కు డ్రిప్ సబ్సిడీ మెసేజ్ లిస్ట్ తయారుచేసి ఇచ్చాను. తెలంగాణ పథకం గురించి అది. నేను పిన్ 507 అని ఫిల్టర్ పెట్టాను. రెండు రోజుల తర్వాత కుక్కునూరు వైపు నుంచి కొందరు రైతులు పాసుపుస్తకాలు, ఆధార్ జిరాక్సులు పట్టుకుని బస్సెక్కి అశ్వారావుపేట ఆఫీసుకు వచ్చారు. మీది ఆంధ్రా కదా, ఇక్కడ కాదు అని వెనక్కి పంపేశారు. వాళ్లలో ఒక పెద్దాయన డీలర్ షాపుకు వచ్చి, కోపం కూడా లేకుండా, 'మీరు మెసేజ్ పెడితేనే వచ్చాం బాబూ, కూలి పోయింది' అన్నాడు. ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. రెండు రాష్ట్రాల పథకాలు వేరు, ఆఫీసులు వేరు, గడువులు వేరు. సబ్సిడీ మాట ఉన్న ఏ మెసేజ్ అయినా రాష్ట్రం ఫిల్టర్ లేకుండా బయటికి వెళ్లకూడదని మీ షాపులో ఒక నియమం పెట్టుకోండి. 'తెలియదు' అని ఉన్నవాళ్లకు అసలు పంపకండి. వాళ్లకు పంపాల్సింది 'మీ పొలం ఏ మండలంలో ఉందో తెలియజేయండి' అన్న మెసేజ్. చాలామంది జవాబిస్తారు.

లిస్టులు రెండు రకాలు ఉంటాయి, అది కూడా చూసుకోండి. నియమం ప్రకారం తనంతట తను మారేది ఒకటి, ఆ రోజుకు ఉన్నవాళ్లను అలాగే పట్టి ఉంచేది ఇంకొకటి. రూట్లకు మొదటిది వాడండి, కొత్త కాంటాక్టు చేరగానే సరైన కుర్రాడి లిస్టులో కనబడుతుంది. ఎవరికి ఏ మెసేజ్ పంపామో రికార్డు ఉండాల్సిన చోట రెండోది. మండలంతోపాటు పంట కూడా కలిపితే లిస్టు విలువ ఇంకా పెరుగుతుంది. దమ్మపేట, అశ్వారావుపేట పామాయిల్ రైతులకు వెళ్లాల్సిన మాట వేరు, మిరప, పత్తి వేసే ఖమ్మం పక్క మండలాలకు వెళ్లాల్సింది వేరు. కానీ మండలం సరిగ్గా కుదిరాకే పంట. రెండూ ఒకేసారి మొదలుపెడితే రెండూ సగంలో ఆగుతాయి.

సర్వీసుకు ఇంకో చిన్న సంగతి. తోటల మధ్య బోరు వెతుక్కోవడం మెకానిక్‌కు పెద్ద పని. తపాలా శాఖ 2025లో డిజిపిన్ అని కొత్తది తెచ్చింది, తయారీలో ఐఐటీ హైదరాబాద్ కూడా ఉంది. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. మోటారు బిగించిన రోజే మెకానిక్ ఫోన్‌లో ఆ కోడ్ చూసి మోటారు రికార్డులో వేస్తే, మూడేళ్ల తర్వాత వేరే మెకానిక్ నేరుగా బోరు దగ్గరికి వెళ్తాడు. విభజనకు ఇది పనికిరాదు, దారి చూపడానికి పనికొస్తుంది.

అడ్రస్ కోసం ఆధార్ కాపీలు సీఆర్ఎంలో అప్‌లోడ్ చేసి ఉంటే తీసేయండి. మండలం పేరు తెలుసుకోవడానికి ఆధార్ నంబర్ అవసరం లేదు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి, అవసరమైనంతే తీసుకోవాలన్నది దాని సారం. చట్టం లేకపోయినా, రైతు మనల్ని నమ్మి ఇచ్చిన కాగితం అది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, మొత్తం పద్దెనిమిది వేలతో కాదు, జంగారెడ్డిగూడెం బ్రాంచితో మొదలుపెట్టండి. రాష్ట్రం తప్పు పడేది ఎక్కువగా అక్కడే, కాబట్టి లాభం కూడా ముందు అక్కడే కనబడుతుంది. మండలాల షీటు తయారయ్యాక కుక్కునూరు, వేలేరుపాడు వరసల్లో రాష్ట్రం 37 అని ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాతే ఇంపోర్ట్ బటన్ నొక్కండి. మీరు ఏ సీఆర్ఎం వాడుతున్నారో ప్రశ్నలో రాయలేదు. రాస్తే లుకప్ ఫీల్డు, ఆటోమేషన్ రూల్ అందులో ఎక్కడ ఉంటాయో ఒక్కో అడుగూ చెబుతాను.